పాత అంబాసిడర్‌కు వేరే ఇంజన్: దించడం ఒక పూట పని, ఎక్కించడమే అసలు కథ

మా మామ అంబాసిడర్ 1976 మోడల్, మార్క్ 3. రాయచోటిలో ఇంటి ముందర వేపచెట్టు కింద పదేళ్లుగా కదలకుండా ఉంది. పోయిన వేసవిలో ఆయనకు ఉన్నట్టుండి దాని మీదికి మనసు పోయింది. కడప నుంచి మెకానిక్ భాయ్‌ని పిలిపించాడు. భాయ్ బానెట్ ఎత్తి, ఆయిల్ పుల్ల లాగి వేళ్ల మధ్య రుద్ది చూశాడు. వేరే బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టించి, సైలెన్సర్ వెనక నిలబడి పొగ రంగు చూసి తీర్పు చెప్పేశాడు.

"బోరు పోయింది అన్నా, సిలిండర్లు లోపల అరిగిపోయినాయి. దీన్ని బాగుచేసేదానికంటే ఇంకో ఇంజన్ ఎక్కించేది మేలు. ఇసుజు ఇంజన్ దొరికిందంటే గువ్వలచెరువు ఘాట్ నవ్వుకుంటా ఎక్కుతాది."

"ఎంతవుతాది భాయ్?"

"ఇంజన్ ఒకటే కదన్నా మార్చేది. మిగతాదంతా ఉన్నదే."

మామ మొహం వెలిగిపోయింది. నాకు మాత్రం ఆ 'ఒకటే' దగ్గర అనుమానం మొదలైంది. ఎందుకంటే అంతకు రెండేళ్ల ముందు అనంతపురంలో నా స్నేహితుడి జీపు విషయంలో ఇదే మాట విన్నాను. ఆ కథ తర్వాత చెబుతాను. ముందు అసలు ఈ ఇంజన్ మార్పిడి అంటే ఏమిటో, ఎక్కడ సులువో, ఎక్కడ చిక్కో చూద్దాం.

ఫ్యాక్టరీలు చేసినదే

ఒక బండి ఒంట్లో ఇంకో బండి ఇంజన్ పెట్టడం మన షెడ్డు మెకానిక్కులు కనిపెట్టిన విద్య కాదు. మన దేశంలో కార్ల కంపెనీలే దశాబ్దాల పాటు ఆ పని చేశాయి. కొత్త కారు మొత్తం తయారుచేసే స్తోమత లేక, లైసెన్సులు దొరక్క, ఒకచోట బాడీ, ఇంకోచోట ఇంజన్ తెచ్చి ముడివేశాయి.

అంబాసిడర్ సంగతే చూడండి. ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 దాని మూలం. చాలాకాలం నడిచింది బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి 1,489 సీసీ పెట్రోల్ ఇంజన్‌తో. తర్వాత అదే 1,489 సీసీలో డీజిల్ వచ్చింది. దాని శక్తి 37 హార్స్‌పవర్. టన్ను పైన బరువున్న కారుకు 37 అంటే ఎంత నీరసమో ఘాట్ ఎక్కినవాళ్లకు తెలుసు. 1990ల మొదట్లో హిందుస్థాన్ మోటార్స్ అదే బాడీలో జపాన్ ఇసుజు కంపెనీ 1,817 సీసీ పెట్రోల్ ఇంజన్ పెట్టింది. 75 హార్స్‌పవర్, ఐదు గేర్లు. పైకి అదే గుండ్రటి మూతి, లోపల వేరే బండి. 2014లో ఉత్పత్తి ఆగిపోయేదాకా ఇసుజు ఇంజన్లు ఆ కారులో ఉన్నాయి. అదే కంపెనీ ఇంకో కారు కాంటెస్సాకు కూడా ముందు బీఎంసీ ఇంజనే, తర్వాతే ఇసుజు. ప్రీమియర్ 118ఎన్ఈ అయితే ఫియట్ 124 బాడీలో నిస్సాన్ 1,171 సీసీ ఇంజన్. మన ఊళ్లలో తిరిగిన మహీంద్రా జీపులు విల్లీస్ వారసత్వం, వాటిలో చాలావాటికి డీజిల్ ఇంజన్ ఫ్రాన్స్ ప్యూజో కంపెనీది.

తిరగబడిన ఉదాహరణ కూడా ఒకటుంది. 1985లో మద్రాసు నుంచి వచ్చిన స్టాండర్డ్ 2000. బాడీ రోవర్ ఎస్‌డీ1ది, అప్పటికి కంటికి ఇంపైన కొత్త రూపం. ఇంజన్ మాత్రం 1940ల నాటి వ్యాన్‌గార్డ్ కారు సంతతి 1,991 సీసీది. రూపానికి, పరుగుకు పొంతన లేక బండి నిలబడలేదు. ఫ్యాక్టరీ ఇంజనీర్లు, కొలత యంత్రాలు, డబ్బు అన్నీ ఉండి చేసిన జత కూడా తప్పవచ్చని దాన్ని చూసి తెలుసుకోవాలి. మన షెడ్డులో వేపకొమ్మకు చైన్ బ్లాకు కట్టి చేసేదాని సంగతి వేరే చెప్పాలా.

అడ్డమా, నిలువా

ఏ ఇంజనైనా ఎక్కుతుందా అంటే, మొదటి ప్రశ్న శక్తి గురించి కాదు, దిక్కు గురించి. పాత కార్లలో ఇంజన్ నిలువుగా, అంటే బండి పొడవునా ఉంటుంది. దాని వెనక గేర్ డబ్బా, దాని వెనక జాయింట్ షాఫ్ట్, చివర వెనక హౌసింగ్, అంటే వెనక చక్రాల ఇరుసులు, పళ్ల చక్రాలు ఉండే డబ్బా. తిరిగేది వెనక చక్రాలు. ఇప్పటి మామూలు కార్లలో ఇంజన్ అడ్డంగా ఉంటుంది, గేర్ డబ్బా దాని పక్కనే అతుక్కుని ఉంటుంది, తిరిగేది ముందు చక్రాలు.

పాత అనంతపురం జిల్లాలో పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ ఉంది. ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ. మా బంధువుల్లో ఒకాయన "అంత పెద్ద ఫ్యాక్టరీ పక్కనే ఉంటే బెంగళూరు గుజిరీకి పోయేదెందుకు, యాక్సిడెంటయిన కియా ఇంజన్ ఒకటి పట్టుకొస్తే సరిపోయె" అన్నాడు. గుజిరీ అంటే పాత సామాన్లు అమ్మే బజారు. ఆ మాట వినడానికి బాగుంది. కానీ ఆ అడ్డం ఇంజన్‌ను అంబాసిడర్‌లో నిలువుగా తిప్పి పెట్టాలంటే దానికి సరిపోయే నిలువు గేర్ డబ్బా వెతకాలి, బిగించే చోట్లన్నీ కొత్తగా కట్టాలి. ఇంకా పెద్ద చిక్కు, కొత్త ఇంజన్ ఒంటరిగా నడవదు. కంప్యూటర్ డబ్బా, దాని వైరింగ్ మొత్తం, యాక్సిలరేటర్ పెడల్, తాళంలో ఉండే చిప్ అన్నీ ఒక కుటుంబం. ఒక్కరు తగ్గినా స్టార్ట్ కాదు. కార్బరేటర్ ఇంజన్ అయితే పెట్రోల్, నిప్పు, గాలి ఇస్తే చాలు, ఎవరింట్లోనైనా సర్దుకుంటుంది.

అందుకే పాత బండ్లకు ఇంజన్ దానం చేసేవి ఎప్పుడూ నిలువు ఇంజన్ బండ్లే. కాంటెస్సా, చివరి అంబాసిడర్లు, జిప్సీ, ఓమ్ని, బొలెరో, సుమో, క్వాలిస్, తవేరా. ఓమ్నిలోని 796 సీసీ ఇంజన్, మారుతి 800లో ఉన్నదీ ఒక కుటుంబమే అయినా, 800లో అడ్డంగా, ఓమ్నిలో నిలువుగా ఉంటుంది. జిప్సీ 1,298 సీసీ ఇంజన్ తేలిక, నిలువు, గేర్ డబ్బాతో సహా దొరుకుతుంది కాబట్టి ఫియట్ పద్మిని వాళ్లకు దాని మీద ఎక్కువ ఆశ.

ఒకటి కదిలిస్తే పది కదులుతాయి

ఇంజన్ దించడం నిజంగానే ఒక పూట పని. రేడియేటర్ తీసి, పైపులు, వైర్లు ఊడదీసి, మౌంటింగ్ బోల్టులు విప్పి, చైన్ బ్లాకుతో లేపితే సాయంత్రానికి బయట ఉంటుంది. కొత్తది ఎక్కించేటప్పుడు కథ మొదలవుతుంది.

అంబాసిడర్‌కు జీపులాగా నిచ్చెన లాంటి విడి చాసిస్ ఉండదు. బాడీ, చాసిస్ కలిసిపోయి ఉంటాయి. ఇంజన్ కూర్చునే చోటును ఇష్టం వచ్చినట్టు గ్యాస్ కట్టర్‌తో కోసి, ఇంకోచోట పట్టీ వెల్డింగ్ పెడితే ముందు చక్రాల అలైన్‌మెంట్ దగ్గరి నుంచి తలుపు మూసుకోవడం దాకా తేడా వస్తుంది. ఇంజన్ కింద ఆయిల్ నిల్వ ఉండే చాంబర్ ఆకారం ఒక్కో ఇంజన్‌కు ఒక్కో రకం. ముందు లోతున్నది, వెనక లోతున్నది అని ఉంటుంది. మీ బండిలో చాంబర్ లోతున్న చోటే అడ్డ దూలం ఉందంటే ఇంజన్ రెండు వేళ్లు పైకి లేపాలి. లేపితే బానెట్ మూయదు. చాంబర్ కోసి మార్చితే ఆయిల్ పీల్చే గొట్టం కూడా మార్చాలి. అక్కడ చిన్న పొరపాటు జరిగితే ఘాట్ మలుపులో ఆయిల్ ఒక పక్కకు పోయి, పంపు గాలి పీల్చి, బేరింగులు పట్టేస్తాయి.

ఇప్పుడు నా స్నేహితుడి జీపు సంగతి. పాత జీపు గేర్ డబ్బా బాగుంది, దాన్నే ఉంచి ఇంజన్ ఒకటే మారుద్దామనుకున్నాడు. రెండింటి బోల్టుల రంధ్రాలు కలవవు కాబట్టి మధ్యలో ఇనప ప్లేటు ఒకటి లేత్ షెడ్డులో చేయించారు. పావు అంగుళం మందం, ఒకవైపు ఇంజన్ రంధ్రాలు, ఒకవైపు గేర్ డబ్బా రంధ్రాలు. బండి నడిచింది. అందరం పండగ చేసుకున్నాం. రెండు నెలలకు గేర్ మారేటప్పుడు గరగరమని మొదలైంది, తర్వాత క్లచ్ తొక్కినప్పుడు కూత, ఆ తర్వాత గేర్ డబ్బాలోకి పోయే ఇరుసు బేరింగ్ పొడైంది. విప్పి చూస్తే తప్పు కంటికి కనపడదు. ఇంజన్ ఇరుసు నడిబొడ్డు, గేర్ డబ్బా ఇరుసు నడిబొడ్డు ఒకే గీత మీద ఉండాలి. ఇక్కడ ఓర్చుకునే తేడా మిల్లీమీటరులో పదో వంతు చుట్టుపక్కల, అంటే ఇంచుమించు తలవెంట్రుక మందం. వాళ్లు ప్లేటు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి రంధ్రాలు కొట్టారు. డయల్ గేజ్ పెట్టి కొలవాల్సిన పని అది. రెండోసారి పెద్ద వర్క్‌షాపులో చేయించుకున్నాడు. ఆ బిల్లు చూసి నేను చెప్పిన సలహా ఒకటే, ఇంజన్ తెచ్చుకునేటప్పుడు దాని గేర్ డబ్బా కూడా తెచ్చుకో. రెండూ కలిసి పెరిగినవి.

కానీ గేర్ డబ్బా మారితే ఇంకో తలుపు తెరుచుకుంటుంది. మా మామ కారుకు గేర్లు స్టీరింగ్ పక్కన ఉంటాయి, ముందు సీటు ఒకే బెంచీ. ముగ్గురు హాయిగా, నలుగురు సర్దుకుని కూర్చునే సీటు. ఇసుజు ఐదు గేర్ల డబ్బాకు కర్ర కింద నేల మీద ఉంటుంది. అంటే నేల రేకు కోయాలి, బెంచీ సీటు తీసి రెండు సీట్లు వేయాలి, జాయింట్ షాఫ్ట్ పొడవు మార్చి బ్యాలెన్స్ చేయించాలి. చెప్పాలంటే ఆ బెంచీ సీటు పోతే నా మటుకు అది అంబాసిడరే కాదు. ఇది లెక్కలోకి రాని మాట, తెలుసు.

అసలు ఐదో గేర్ ఎందుకు కావాలంటారా? చిన్న లెక్క. టైరు చుట్టుకొలత సుమారు 2 మీటర్లు, కిలోమీటరుకు 500 చుట్లు. గంటకు 60 కిలోమీటర్లంటే నిమిషానికి 500 చుట్లు. వెనక హౌసింగ్‌లో క్రౌన్ పినియన్ (షాఫ్ట్ వేగాన్ని తగ్గించి చక్రాలకిచ్చే పళ్ల చక్రాల జత) నిష్పత్తి 4.5 అనుకుంటే షాఫ్ట్ 2,250 చుట్లు తిరగాలి. నాలుగు గేర్ల డబ్బాలో టాప్ అంటే నేరుగా పోయే గేరు కాబట్టి ఇంజన్ వేగమూ అంతే. గంటకు 100 పోతే 3,750. కర్నూలు నుంచి హైదరాబాద్ దాకా 44వ నంబరు జాతీయ రహదారి మీద గంటల తరబడి ఆ మోత భరించాలి. ఐదో గేరు 0.85 ఉంటే అదే వేగానికి 3,200 లోపే. మనలో చాలామంది ఇంజన్ శక్తి చాలదని బాధపడేది నిజానికి గేర్ల బాధ. కొత్త ఇంజన్ తెచ్చి పాత హౌసింగ్, పాత నాలుగు గేర్లతోనే నడిపితే ఆ మోత అట్లాగే ఉంటుంది.

ఇంకో వైపు చూస్తే, హౌసింగ్‌లోని ఇరుసులు పాత ఇంజన్ బలానికి కొలిచి చేసినవి. ఇంజన్ తిప్పే బలం 10 కిలోగ్రామ్ మీటర్లయితే, మొదటి గేరులో 3.8 రెట్లు, హౌసింగ్‌లో 4.5 రెట్లు పెరిగి 170 దాటుతుంది. రెండింతల బలమున్న డీజిల్ ఇంజన్ పెడితే 340. బరువెక్కించి, ఎత్తులో ఆపి, క్లచ్ ఠపీమని వదిలారంటే ఇరుసు చెరుకుగడలా తెగుతుంది. జీపులు, సుమోలు గాల్లోకి లేచి మళ్లీ నేల మీద దిగి పోయేది సినిమాల్లోనే. మా సీమ రోడ్ల మీద ఇరుసు తెగిన జీపును ట్రాక్టరుకు కట్టి లాక్కుపోవడమే నేను చూశాను.

నీళ్లు, బ్రేకులు

వేడి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనం ఉండేది కర్నూలు, కడప, అనంతపురంలో. వంద రూపాయల డీజిల్ పోస్తే చక్రాలకు చేరేది ముప్పై లోపు. దాదాపు అంతే వేడిగా రేడియేటర్ నీళ్లలోకి పోతుంది, మిగతాది సైలెన్సర్ గుండా గాల్లోకి. ఎక్కువ శక్తి ఇంజనంటే నీళ్లలోకి పోయే వేడి కూడా ఎక్కువ. రేడియేటర్ పని నీళ్ల వేడికీ, బయటి గాలి వేడికీ ఉండే తేడా మీద ఆధారపడుతుంది. నీళ్లు 90 డిగ్రీలు, బయట 25 ఉంటే తేడా 65. మే నెలలో కర్నూల్లో 43 ఉంటే తేడా 47. అదే రేడియేటర్ నాలుగో వంతుకు పైగా పని తగ్గించేస్తుంది. ఇంగ్లండ్ చలికి గీసిన రేడియేటర్‌తో, దాని పైన పెద్ద ఇంజన్‌తో, నల్లమల ఘాట్‌లో లారీ వెనక రెండో గేరులో పోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మందం పెంచిన రేడియేటర్, చుట్టూ రేకు కట్టిన ఫ్యాన్, వీలైతే కరెంటు ఫ్యాన్ కావాలి. కరెంటు ఫ్యాన్ అంటే పాత డైనమో చాలదు, ఎక్కువ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ కావాలి. ఆల్టర్నేటర్ అంటే వైరింగ్ మారాలి. భాయ్ చెప్పిన 'మిగతాదంతా ఉన్నదే' అనే జాబితాలోంచి ఇట్లా ఒక్కొక్కటీ జారిపోతుంటాయి.

బ్రేకుల విషయంలో మాత్రం నేను ఎవరితోనూ రాజీపడను. పాత అంబాసిడర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, పెడల్‌కు బలం తోడిచ్చే బూస్టర్ లేదు. బండిని ఆపడమంటే దాని వేగాన్ని వేడిగా మార్చడం. వేగం ఒకటిన్నర రెట్లయితే ఆ వేడి రెండుంపావు రెట్లు. 60లో పోయే బండిని 90లో పోయేట్టు చేసి, బ్రేకులు అవే ఉంచితే, డ్రమ్ములు కాగి పెడల్ మెత్తబడి ఘాట్ దిగేటప్పుడు కాలి కింద ఏమీ లేనట్టుంటుంది. ఇంజన్ మార్చే డబ్బులో మొదటి వాటా బ్రేకులకు పక్కన పెట్టలేనివాళ్లు ఆ పని మొదలుపెట్టకపోవడమే మంచిది.

ముందు బరువు కూడా ఉంది. పెట్రోల్ ఇంజన్ లోపల గాలిని ఎనిమిదో వంతు చుట్టుపక్కలకు నొక్కితే, పాత రకం డీజిల్ ఇరవయ్యో వంతు దాకా నొక్కుతుంది. ఆ ఒత్తిడికి తట్టుకోవాలి కాబట్టి ఇనుము మందం, బరువు ఎక్కువ, అదురు ఎక్కువ. ముందు స్ప్రింగులు కుంగుతాయి, స్టీరింగ్ బరువెక్కుతుంది, డాష్‌బోర్డు కిటకిటలాడుతుంది.

ఆర్.సి. పుస్తకం ఏమంటుంది

ఇక్కడిదాకా లేత్ షెడ్డులో తేలే విషయాలు. చట్టం లేత్ షెడ్డులో తేలదు.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట చెప్పిన వివరాలకు, ఆర్.సి.లో ఉన్న వివరాలకు తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. ఆర్.సి.లో ఇంజన్ నంబరు, ఇంధనం, సీసీ అన్నీ రాసి ఉంటాయి. 2019 జనవరిలో కేరళకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది, తయారీదారు వివరాలకు విరుద్ధమైన మార్పు కుదరదని. అదే ఏడాది చట్ట సవరణలో 182ఎ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

అంటే దారే లేదా? అరిగిన ఇంజన్ స్థానంలో అదే కంపెనీ, అదే రకం ఇంజన్ వేయించుకోవడం వేరే సంగతి, దానికి చట్టంలో చోటుంది. ఆర్టీఓ అనుమతి తీసుకుని, ఇంజన్ బిల్లు చూపించి, ఆర్.సి.లో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. గుజిరీలో కొన్నదైతే అది ఏ బండిలోంచి వచ్చిందో కాగితం ఉండాలి, లేకపోతే దొంగ బండి ఇంజన్ మీ ఇంట్లో ఉన్నట్టు తేలవచ్చు. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ లాంటి ఇంధన మార్పుకు ఆమోదం పొందిన కిట్ వేయించుకోవడానికీ చట్టం ఒప్పుకుంటుంది. పాత కారును కరెంటు కారు చేసేవాళ్లు ఈ దారిలో వస్తారు. పుణెలోని ఏఆర్ఏఐ లాంటి పరీక్షా సంస్థలు ఆమోదించిన కిట్ అయ్యుండాలి, మనం సొంతంగా మోటారు, బ్యాటరీలు కొని బిగిస్తే కుదరదు.

మరి 1976 అంబాసిడర్‌లో 1990ల ఇసుజు? కంపెనీ పేరు ఒకటే కావచ్చు, రకం వేరు, సీసీ వేరు. "అదే బండి కదా సార్" అంటే ఆర్టీఓ ఆఫీసులో ఒప్పుకుంటారని నమ్మి డబ్బు పెట్టకూడదు. ఇంజన్ కొనక ముందే రాతపూర్వకంగా అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. మా వైపు 1980లు, 90లలో పెట్రోల్ జీపులకు డీజిల్ ఇంజన్లు వేయించి, పుస్తకంలో ఎక్కించుకున్నవాళ్లున్నారు. ఆ కాలాన్ని చూపించి ఇప్పుడు వాదిస్తే నిలవదు. ఇన్సూరెన్స్ వాళ్ల కాగితంలోనూ ఇంజన్ నంబరు ఉంటుంది. యాక్సిడెంటయిన రోజు సర్వేయర్ ముందు చూసేది ఆ నంబరే. కలవకపోతే మీ బండి నష్టానికి డబ్బివ్వకపోవడానికి వాళ్లకు అంతకంటే మంచి కారణం అక్కర్లేదు.

యాభై ఏళ్ల మెలిక

మామ విషయంలో నేను అడ్డం పడింది ఇక్కడ. వింటేజ్ అనే మాటను మనం ప్రతి పాత బండికీ వాడేస్తాం. చాలా పాత కార్ల క్లబ్బుల వాడుకలో అది 1919 నుంచి 1930 మధ్య కార్లకు సంబంధించిన మాట. మన ప్రభుత్వం 2021 జులైలో తెచ్చిన నిబంధనల్లో లెక్క వేరు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్లు వింటేజ్. కొత్తగా రిజిస్టర్ చేయించుకుంటే 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. మళ్లీ చేయించుకుంటే 5,000. కొత్తగా వచ్చేవాటికి నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి, అప్పటికే రిజిస్టరైన బండ్లు పాత నంబరే ఉంచుకోవచ్చు. అట్లాగని రోజూ సంతకు వేసుకుపోవడానికి కాదు, ప్రదర్శనలు, ర్యాలీలు, రిపేరు, పెట్రోల్ కోసం రోడ్డెక్కవచ్చు.

అందులో ఒక షరతుంది. బండి అసలు రూపంలో ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజన్‌లో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు.

1976 బండి. యాభై నిండే వయసులో ఉంది. సరిగ్గా ఇప్పుడు ఇసుజు ఎక్కిస్తే, బండి వేగం పెరుగుతుంది, కానీ వయసు తెచ్చిపెట్టే గుర్తింపు పోతుంది. నలభై తొమ్మిదేళ్లు అసలు ఇంజన్‌తో గడిపి, యాభయ్యో ఏట దాన్ని గుజిరీలో కిలోల లెక్కన అమ్మడం నాకు మింగుడుపడలేదు. మామ మాత్రం "నాకు ర్యాలీలెందుకురా, నేనేం జమీందారునా?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. అందుకని ఇంకోటి అడిగాను. "మామా, ఇది రోజూ తిరగడానికా, ఎప్పుడన్నా ఒకసారి వేసుకుపోవడానికా?" రోజూ తిరిగేదానికైతే ఇంట్లో స్విఫ్ట్ ఉంది. ఆయన కాసేపు ఆలోచించి, "అత్తను ఎక్కించుకుని కడపకు పోయి రావాల" అన్నాడు. నెలకొకసారి, గట్టిగా నూరు కిలోమీటర్లు.

దానికి 75 హార్స్‌పవర్ అక్కర్లేదు. ఉన్న 50 చిల్లర సరిగా వస్తే చాలు.

పాత ఇంజనే బాగుచేస్తే

భాయ్‌కి మొదట నచ్చలేదు. పాత ఇంజన్ ఓపికగా చేయాల్సిన పని, ఇంజన్ మార్పిడి పేరొచ్చే పని. అయినా ఒప్పుకున్నాడు. ఇంజన్ విప్పాక తేలిందేమిటంటే, బోరు అరిగిన మాట నిజమే కానీ ఓవర్‌సైజు పిస్టన్లు వేసుకునేంత ఇనుము సిలిండర్లలో ఇంకా ఉంది. లేత్ షెడ్డులో బోరు కొట్టించి, క్రాంక్ గ్రైండింగ్ చేయించి, కొత్త బేరింగులు, రింగులు వేశారు.

ఇక్కడ రెండు విషయాలు పాత పెట్రోల్ బండి ఉన్న ఎవరికైనా పనికొస్తాయి. ఒకటి, మన దేశంలో సీసం కలిపిన పెట్రోల్ 2000లో పూర్తిగా ఆగిపోయింది. ఆ సీసం వాల్వులు కూర్చునే చోట పూతలా పనిచేసేది. అది లేకపోవడంతో పాత ఇనప హెడ్డుల్లో వాల్వు సీట్లు లోపలికి అరిగిపోతాయి. హెడ్డు విప్పినప్పుడే గట్టి లోహంతో చేసిన సీట్లు వేయించుకుంటే ఆ బాధ తీరుతుంది. రెండు, ఇప్పుడు బంకులో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. పాత రబ్బరు పైపులు, పెట్రోల్ పంపులోని డయాఫ్రమ్ దానికి మెత్తబడి, పగిలి కారతాయి. ఇంజన్ గదిలో పెట్రోల్ కారడమంటే ఏమిటో చెప్పక్కర్లేదు, అందుకే అవన్నీ ఇథనాల్‌కు తట్టుకునేవి వేయాలి. కార్బరేటర్ జెట్లు కూడా కాస్త సరిచూసుకోవాలి. అట్లాగే ఇంజన్ మారకపోయినా రేడియేటర్ కడిగించి, బ్రేకు సిలిండర్లు, లైనర్లు కొత్తవి వేయించాం. పైన చెప్పిన మాట మీద నేను నిలబడాలి కదా.

మరి ఇంజన్ మార్చడమే తప్పా అంటే, కాదు. బ్లాకు నిలువునా పగిలిపోయి, అసలుది దొరకనప్పుడు ఏం చేస్తారు. పొలానికి, తోటకు తిరిగే జీపుకు చట్టప్రకారం అనుమతి దొరికితే, బలమైన ఇంజన్ మంచి పనే చేస్తుంది. అట్లాంటప్పుడు నేను చూసేది ఒకటే, ఆ బాడీలో ఆ ఇంజన్‌ను ఏదో ఒక కాలంలో ఫ్యాక్టరీ పెట్టిందా లేదా. పెట్టి ఉంటే మౌంటింగులు, షాఫ్ట్, రేడియేటర్ అన్నీ ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, ఆ జత బతుకుతుందో లేదో లక్షల కిలోమీటర్లు ముందే చెప్పి ఉంటాయి. తీసిన ఇంజన్‌ను మాత్రం అమ్మొద్దు. ఆయిల్ పూసి, స్పార్క్ ప్లగ్గుల రంధ్రాల్లో కూడా నాలుగు చుక్కలు పోసి, ప్లాస్టిక్ పట్ట చుట్టి చెక్క మీద పెట్టుకోండి. రేపు కొడుకో కూతురో వెనక్కి పెట్టుకోవాలంటే ఆధారం అదే.

బండి బయటికి తీసిన రోజు భాయ్ ఒక పని చేశాడు. ఇంజన్ బ్లాకు మీద నంబరున్న చోట తుడిచి, తెల్ల కాగితం పెట్టి, పెన్సిల్‌తో మెల్లగా రుద్దాడు. ఒక్కో అంకె బూడిదరంగులో తేలుతుంటే మామ అద్దాలు సర్దుకుని ఆర్.సి. పుస్తకం పక్కన పెట్టి ఒక్కొక్కటీ చదివాడు. చివరి అంకె దాకా కలిసింది.

మరుసటి ఆదివారం కడపలో పని చూసుకుని తిరిగొస్తూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కాం. అత్త మధ్యలో, మేమిద్దరం అటూ ఇటూ, ఆ బెంచీ సీటు మీదే. రెండో గేరు. రేడియేటర్ ముల్లు కాస్త పైకి వచ్చి అక్కడే ఆగింది. వెనక లారీవాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. మామ కుడిచేయి కిటికీలోంచి బయటికి పెట్టి, పొమ్మన్నట్టు ఊపాడు. లారీ పోయింది. దాని వెనక బస్సు పోయింది. ఘాట్ పైన పాలకోవా అంగళ్ల దగ్గర ఆపి, బానెట్ ఎత్తి కాసేపు గాలి తగలనిచ్చి, అరకిలో కోవా కట్టించుకున్నాం.